గది ఒప్పుకున్న మనిషి

“వంటమనిషిని చూస్తున్నామా, పెళ్ళికూతుర్ని చూస్తున్నామా సత్తెమ్మగారూ?” అన్నాను.

“పెళ్ళికూతురైతే ఒక్కడితో వేగితే చాలే మాణిక్యం. దీనికి నలుగురితో వేగాలి.”

“జీతం ఇచ్చేది మీరా, ఆ నలుగురా?”

“జీతం నేనిత్తాను. పక్కన పడుకునేది వాళ్ళు.”

ఎండుమిరపకాయ మాడిన ఘాటు ముక్కుకి తగిలితే గల్ఫ్‌లో సజ్జా అనే చోట మా వంటింట్లో జరిగిన ఆ తగువు ఇప్పటికీ గుర్తొస్తుంది. సత్తెమ్మగారిది రాజోలు వైపు. ఏళ్ళ తరబడి ఇళ్ళలో పనిచేసి, కరోనా తగ్గాక లేబర్ క్యాంపులకు భోజనాలు పంపే పని పెట్టారు. మనవలు బడికి పోతుంటే కొడుకింట్లో ఊరికే కూర్చోలేక నేను ఆవిడ దగ్గర చేరి, సరుకులూ మనుషులూ చూసుకునేదాన్ని. పనిచేసే నలుగురు ఆడవాళ్ళకూ వంటింటి వెనకే ఒక గది.

శనివారం నుంచి రెండో క్యాంపుకూ పంపాలి. మొదటిరోజే బండి ఆలస్యమైతే ఆ బేరం పోతుంది. ఐదో మనిషి కోసం వెతికితే ఇద్దరొచ్చారు. పద్మ హోటల్లో చేసిన మనిషి, గింజ వృథా కానివ్వదు. సుగుణ తరిగితే ఉల్లిపాయ ఒక్కో ముక్క ఒక్కో లావు, పైగా నెమ్మది. ఇందులో ఆలోచించడానికి నాకేమీ కనబడలేదు. సత్తెమ్మగారు మాత్రం ఇద్దరినీ చెరో రాత్రి ఆ గదిలో పడుకోమని, శుక్రవారం సాయంత్రం గదిలోవాళ్ళను అడిగారు.

నిజామాబాద్ లచ్చవ్వ అందరి తరఫునా చెప్పింది. “పద్మ మంచిగనే వండుతది అమ్మా. గని ఏసీ రిమోటు మెత్త కింద వెట్టుకొని పండుకున్నది. రాత్రంత సలికి వణికినం.”

“మరి సుగుణ?”

“అందరికన్న ముందుగాల లేసి, తానం జేసి, బాత్రూం తుడిసి బయటికొచ్చింది. తరుగుడు మేం నేర్పుకుంటం.”

“ఖలాస్. సుగుణే” అన్నారు సత్తెమ్మగారు.

“రేపు బండి కదలకపోతే?”

“కదలకపోతే నన్ను తిట్టు. ఇప్పుడింటికెళ్ళు.”

ఆవిడ ఊరెళ్ళిపోయాక ఆ వంటిల్లు నేనే నడుపుతున్నాను. ఇప్పుడు గదులు మూడు. గది ఒప్పుకోనిదే ఎవరినీ తీసుకోను. పనిరాని మనిషితో సరుకు పాడవుతుందని నాకు ముందే తెలుసు. పొసగని మనిషి వల్ల ఉన్నవాళ్ళు మానేసి పోతారని, మళ్ళీ మళ్ళీ మనుషుల్ని వెతకడమే పెద్ద దండగని ఆవిడ దగ్గరే తెలిసింది.

ఆ శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి నలుగురూ ఎవరూ లేపకుండానే లేచి పనిలో ఉన్నారు. లచ్చవ్వ సుగుణ పక్కన నిలబడి కత్తి పట్టడం చూపిస్తోంది. ముక్కలు లావుగానే పడుతున్నాయి. పప్పు కొంచెం పల్చనైంది. బండి వేళకే వెళ్ళింది.