లెక్కలోకి రాని గోళీలు

మా మేనత్త పోయిన సోమవారం చనిపోయింది. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా నీరసం కమ్మింది. డయాలిసిస్‌కు తీసుకెళ్లడం, తీసుకురావడం, మళ్లీ తీసుకెళ్లడం. ఇద్దరం ఎప్పుడో అలిసిపోయాం.

అత్త పెళ్లి చేసుకోలేదు. అశోక్‌నగర్‌లో మా ఇంట్లోనే ఉండేది. నారాయణగూడలో ఒక బడిలో టీచరు. ఏళ్ల తరబడి నిలబడి పాఠాలు చెప్పి మోకాళ్లు అరగదీసుకుంది. ఇంటికొస్తూ చిక్కడపల్లిలో మందుల షాపు దగ్గర ఆగేది. ఆమెను చూడగానే షాపతను నొప్పి గోళీల స్ట్రిప్పు కత్తిరించి కౌంటరు మీద పెట్టేవాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. చాయ్ తాగినంత మామూలుగా వేసుకునేది.

కాళ్లు వాచి డాక్టరు దగ్గరికి వెళ్తే, "మందులేమైనా వాడుతున్నారా?" అని ఆయన అడిగారు. "ఏం లేవు సార్. బీపీ లేదు, షుగర్ లేదు" అంది. అబద్ధమాడే మనిషి కాదు. మా ఇళ్లలో డాక్టరు చీటీ రాస్తేనే మందు, షాపులో అడిగి తెచ్చుకున్నది లెక్కలోకి రాదు. రక్త పరీక్షలు చూసి ఆయన తిప్పి తిప్పి అడిగితే గానీ సంచిలోంచి ఆ స్ట్రిప్పు బయటికి రాలేదు. అప్పటికే కిడ్నీలు చాలావరకు పాడైపోయాయి.

నాకు ఎవరి మీదో తెలియని కోపం. అత్త మాత్రం, "ఇప్పుడు మొత్తుకుంటే ఏం ఫాయిదా? మింగింది నేనే గదా" అంది.

అప్పటినుంచి ఆమెకు అదే పని. మా పైఅంతస్తులో పరీక్షలకు చదువుకునే అమ్మాయిలు కిరాయికి ఉంటారు. ఒంట్లో బాగాలేదని ఎవరు మెట్లు దిగినా పట్టుకునేది. "ఏమేం ఏసుకున్నవో అన్నీ పట్కరా. మంచం మీద పెట్టు." వాళ్లు విసుక్కునేవాళ్లు. రోజూ వినే నాకైతే చెవిలో జోరీగే. కానీ నా తలనొప్పికి గోళీలు కాదు, కళ్లద్దాలు కావాలని తేలింది ఆమె పోరు వల్లే.

ఒక వానాకాలం నల్లగొండ అమ్మాయి జ్వరంతో దిగింది. అత్త ఆమె చేత జ్వరం గోళీల స్ట్రిప్పూ, జలుబు గోళీల స్ట్రిప్పూ తిప్పి చదివించింది. రెండింట్లోనూ పారాసిటమాలే.

"పేర్లు రెండు, మందు ఒక్కటే బిడ్డా. డబల్ ఏసుకుంటున్నవ్."

"వారంల ఎగ్జామ్ ఉంది ఆంటీ. ఒళ్లంత సలుపుతున్నది. నొప్పుల గోళీ ఒక్కటి తెచ్చుకుని కూసుంట."

"వద్దు. డెంగీ తిరుగుతున్నది. అదే అయితే గా నొప్పుల గోళీకి రక్తం కారుతది. ముందుగాల టెస్టుకు నడువు."

పిల్ల ఏడ్చింది. అత్త కుంటుకుంటూ తనే గేటు దాకా వెళ్లి ఆటో ఆపింది. టెస్టులో డెంగీయే అని తేలింది. ఆ గోళీ వేసుకోకపోవడం మంచిదైందన్నారు డాక్టరు. పరీక్ష పోయింది, పిల్ల దక్కింది. ఆ పిల్ల చాలా రోజులు అత్తతో మాట్లాడలేదు. "మాట్లాడకుంటేంది, మంచిగుంది గదా" అనేది అత్త.

అలాంటి మనిషి మళ్లీ దొరకదు. ఆ జోరీగ లేని ఇల్లు నాకు నచ్చడం లేదు.

నిన్న చుట్టాలతో హాలు నిండిపోయింది. ఏడ్చి ఏడ్చి పెద్దమ్మ తల పట్టుకుంది. "ఎవరి దగ్గరన్న గోళీ ఉన్నదా?" అత్త ఫొటో ముందు కూర్చున్నవాళ్ల హ్యాండుబ్యాగులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పేరు తెగిపోయినవి, తేదీ తెగిపోయినవి, స్ట్రిప్పు ముక్కలు నాలుగు వైపుల నుంచి వచ్చాయి. "ఇది ఏస్కో వదినా, జెల్ది తగ్గుతది." ఇచ్చేవాళ్ల మొహాల్లో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. పెద్దమ్మ చేతికందింది తీసుకుని, చూడకుండానే అరచేతిలో వేసుకుని, నీళ్ల కోసం నా వైపు చెయ్యి చాపింది. గ్లాసు నా చేతిలోనే ఉంది. నేను ఇవ్వలేదు.