వెనక్కి తిరగకూడని చోట

డెబ్బైల నాటి మాట. బందరు బస్సులో నా పక్కన కూర్చున్న తెల్లావిడ దేశంకాని దేశమొచ్చి బెజవాడలో నర్సుగా చేస్తోందట.

"శని, ఆదివారాలు సెలవండీ. మంగినపూడిలో సముద్రం దగ్గర ఊరికే కూర్చుంటాను. మీరూ సెలవుకేనా?" అంది వచ్చీరాని తెలుగులో.

నా ఒళ్లో గుడ్డ కట్టిన ముంతలో నాన్న అస్థికలున్నాయి. "ఆఁ, అవునండీ," అన్నాను.

మంగినపూడి సముద్రంలో అస్థికలు కలిపి, మునిగి, తడి పంచెతో ఒడ్డెక్కాను. వెనక్కి తిరిగి చూడకూడదని బాబాయి మరీ మరీ చెప్పి పంపాడు. తువ్వాలు పరుచుకుని కూర్చున్న ఆవిడను దాటానో లేదో, వెనక నుంచి కేకేసింది.

"నీళ్లు బాగున్నాయా అండీ?"

పలకరిస్తే తిరక్కుండా ఎలా పోవడం? తిరిగాను.

"బాగున్నాయండీ."

ఆవిడ చెయ్యి ఊపింది. ఆవిడ వెనక సముద్రమంతా కనిపించింది. నేనూ చెయ్యి ఊపాను. ఎవరికి ఊపానో ఇప్పటికీ తెలియదు.