చిక్కంలో చిన్నరసం

ఆ రోజుల్లో చదువంటే నాకు బట్టీ పట్టడమే. పుస్తకంలో ఉన్నది మనుషుల గురించేనని ఎవరైనా చెప్పినా వినేదాన్ని కాదు. మెడిసిన్ ఫస్టియర్ వైవాలో మూత్రాశయాన్ని పట్టి ఉంచే కండరాలూ లిగమెంట్ల దగ్గర నోరు పెగలక తప్పాను. మళ్ళీ పరీక్షకి చదువుకోమని వేసవిలో నన్ను నూజివీడు పెద్దమ్మగారింటికి పంపారు (ఇంట్లో ఉంటే చుట్టాలు మార్కులడుగుతారని అమ్మ భయం).

మా పెద్దమ్మ నలుగురు పిల్లల తల్లి. పెళ్ళిళ్ళకి పిలిస్తే "మీరు వెళ్ళి రండి" అనేది. హనుమాన్ జంక్షన్ దాకా కూడా బస్సెక్కేది కాదు. ఎవరైనా నవ్విస్తే కొంగు నోట్లో కుక్కుకుని లేచిపోయేది. గీర మనిషి అనుకునేవాళ్ళం.

మామిడి కోతల రోజులు. వరండాలో కాయలు కోసే చిక్కం చూడగానే నాకు ఉపాయం తట్టింది. దాని ఇనప కడియం కటి ఎముక, కింది వల కండరాలు. మూత్రాశయానికి బదులు చిన్నరసం కాయని తొడిమ కిందికి పెట్టి వలలో కూర్చోబెట్టాను. తొడిమ నుంచి రెండు పురికొసలు కడియం ముందువైపుకి, పైకొస నుంచి ఒకటి బొడ్డుకి బదులు చిక్కం కర్రకి కట్టి, గొంతెత్తి పాఠం అప్పజెప్పాను. బియ్యం ఏరుకుంటున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"కాన్పులకి ఆ వల సాగదటే?"

"సాగుతుంది పెద్దమ్మా."

"సాగితే మళ్ళీ బిగించొచ్చా అమ్మడూ?"

"అది ఫైనలియర్ చాప్టర్. ఇప్పుడడగరు."

"అలాగా," అని మళ్ళీ బియ్యంలోకి వంగింది. ఇంతలో పెదనాన్న వచ్చి "చిక్కమేదే?" అంటూ ఎముకా కండరమూ కలిపి తోటకి పట్టుకుపోయారు. పరీక్ష మాత్రం పాసయ్యాను.

ఫైనలియర్లో, వార్డులో ఒకావిడ నా చెవిలో, "నవ్వాలన్నా దగ్గాలన్నా భయం తల్లీ, చీర తడిసిపోతుంది" అంది. రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. ఆ ఆదివారమే నూజివీడు బస్సెక్కాను.

"పెద్దమ్మా, ఆ చాప్టర్ వచ్చింది."

గుమ్మంలో ఎవరూ లేరని చూసుకుని, "మూడేళ్ళు పట్టిందే నీకు," అంది. నాకు ఏడుపొచ్చింది. లేడీ డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. నా పెళ్ళికి పెద్దమ్మ బస్సులో, కిటికీ పక్కన కూర్చుని వచ్చింది.

ఇప్పటికీ పేషెంటు మాట నమిలితే పెన్ను కింద పెట్టేస్తాను. పురికొసలు కట్టుకుంటూ పాఠం చెప్పిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పెద్దమ్మ కూడా నవ్వుతుంది, కొంగు అడ్డం పెట్టుకోకుండా.