అమ్మ మాట పడిపోయిన రోజు

అమ్మ మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం సన్నబడిందని స్కానింగ్‌లో తేలింది. లక్షణాలుంటే ఆపరేషన్, లేకుంటే ఈ వయసులో మాత్రలు చాలన్నారు ఇవాళ జగిత్యాల డాక్టరు.

"ఎప్పుడైనా ఉన్నట్టుండి మాట పడిపోయిందా, అమ్మా?"

లేదని నేను చెప్పేలోపే అమ్మ అందుకుంది.

"ఒక్కపారి పడిపోయింది సారూ, సిరిసిల్లల బట్టలు నేసే సాంచ నడిపేటప్పుడు. నా పెద్దకొడుకు అడవిల అన్నలల్ల కలిసిండు. ఓనాడు పోలీసోళ్లు శవాన్ని సూపెట్టి, నీ కొడుకేనా అన్నరు. ఇంట్ల ఇంకో పిలగాడుండె. ఔనంటే ఆన్ని గూడ వట్టుకపోతరని నోరు రాలే. దిక్కులేని శవమని ఆళ్లే కాలవెట్టిండ్రు."

ఆ పిలగాణ్ణి నేనే. అన్న ఇంకా అడవిలోనే ఉన్నాడని ఇవాళ్టిదాకా అనుకున్నాను. చనిపోయినవాళ్లను తలచుకునే పెత్రమాస నాడు నాన్న పేరున బియ్యమిస్తూ, అమ్మ ఇంకో దోసెడు ఎందుకు పోసేదో ఇవాళ తెలిసింది.

డాక్టరు 'లక్షణాలు లేవు' అని రాశారు.

పక్కనే ఉండి ఇన్నేళ్లూ నేనూ అదే అనుకున్నాను. ఎప్పుడైనా మాట పడిపోయిందా అని మీరు మీ అమ్మను అడిగారా?