లక్ష్మీకాంతం గారూ, వయోలాలో లేని స్వరమూ

ఎవరినైనా మెచ్చుకుంటే చాలు, “వెనకాల ఎవరున్నారు?” అని అడగకుండా ఉండలేకపోవడం మా లక్ష్మీకాంతం గారి జబ్బు. కాల్గరీలో దీనికి మందు దొరకలేదు. ఫ్యామిలీ డాక్టర్ దొరకడమే గగనమైన ఊళ్లో మందెక్కడ దొరుకుతుంది లెండి.

ఈ జబ్బు సంగీతం వల్ల అంటుకుంది. ఆయన పగలు ఒక ఆయిల్ కంపెనీలో డేటాబేసులు చూసుకుంటారు. సాయంత్రాలు మా పేట ఆర్కెస్ట్రాలో సరదాకి వయోలా వాయిస్తారు. వయోలా అంటే వయొలిన్‌కి అన్నగారు. గొంతు కాస్త బొంగురు, ఎవరూ పట్టించుకోరు. ఒకనాడు ఆయన ఎక్కడో చదివారు: లిస్ట్ అనే మహా స్వరకర్తకి, ఏ ముక్క ఏ వాద్యం వాయించాలో పంచి రాయడంలో రాఫ్ అనే ఆయన కొన్నేళ్లు సాయం చేశాడనీ, పేరంతా లిస్ట్‌కే వచ్చిందనీ. ఆ రోజు ఈయన అన్నం సరిగ్గా తినలేదు.

“ఎప్పుడో నూట డెబ్భై ఏళ్ల కిందటి సంగతికి ఇప్పుడు బెంగేంటండీ?” అన్నాను.

“అప్పుడెవరూ పెట్టుకోలేదు కదయ్యా. ఎవరో ఒకరు పెట్టుకోవాలిగా!”

అక్కణ్ణించి మాకు మొదలయ్యాయి తిప్పలు. బేబీ ఆంటీ ఇంట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. “బిర్యానీ అదిరింది ఆంటీ!” అన్నాం. ఆవిడ మురిసిపోవడం పూర్తి కాకుండానే ఈయన, “ఉల్లిపాయలు తరిగిందెవరమ్మా?” అన్నారు. వంటింట్లోంచి ఆవిడ భర్త శ్రీరామ్ ఎర్రటి కళ్లతో బయటికొచ్చాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించేదాకా ఈయన ఊరుకోలేదు. ఆ తర్వాత బేబీ ఆంటీ ఈయనకి వడ్డించిన బిర్యానీలో ముక్క కనబడితే ఒట్టు.

ఇంకోసారి ఒక గృహప్రవేశంలో ఇంటాయన, “బేస్‌మెంట్ మొత్తం నేనే చేశా,” అన్నాడు. “గోడలు?” అన్నారీయన. “అది... ఒక సింగ్ గారు.” “పిలవండి మరి!” పిలిచేదాకా సత్యనారాయణస్వామి ప్రసాదం ముట్టలేదు. పాపం ఆ సింగ్ గారు ఏదో గోడ పగిలిందనుకుని పనిముట్లతో సహా వచ్చి, గోంగూర పచ్చడి రెండుసార్లు వేయించుకుని వెళ్లాడు.

ఇలా ఉండగా మా తెలుగు సంఘం గాయకుడు కోటేశ్వరరావు గారు మంచుకొండల మీద ఒక పాట కట్టారు. బాణీ నిజంగా బాగుంటుంది. లక్ష్మీకాంతం గారి ఆర్కెస్ట్రాని నడిపే మార్గరెట్ గారు దాన్ని వసంతకాలం కచేరీలో వాయిస్తామన్నారు. చిక్కేమిటంటే, కోటేశ్వరరావు గారు పాడగలరు గానీ, వాద్యాలకి రాయలేరు. ఫోన్లో కూనిరాగం తీసి మధుమిత అనే అమ్మాయికి పంపించారు. ఆ అమ్మాయి కూర్చుని ముప్ఫైమందికీ వాద్యాలవారీగా రాసిచ్చింది.

మధుమిత చెన్నైలో వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుని వచ్చింది. ఇక్కడ ఆ సంగతి మాలో ఇద్దరు ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు, శిష్యులు దొరకలేదు. పసిపిల్లల్ని చూసుకునే డేకేర్‌లో పనికి చేరింది. “ఇంక నావల్ల కాదన్నా. వయొలిన్ అమ్మేస్తున్నా, కొనేవాళ్లు ఆదివారం వస్తారు,” అని నాతో అంది. ఆ మాట చెబుతున్నప్పుడు నా మొహం చూడలేదు. నాకు చాలా బాధేసింది. కచేరీ కరపత్రంలో కోటేశ్వరరావు గారి పేరే ఉంది. తన పేరు వేయమని అడిగే రకం కాదు మధుమిత.

నా భయమల్లా ఒకటే. నిండు సభలో లక్ష్మీకాంతం గారు లేచి “రాసిందెవరు?” అని అడిగితే కోటేశ్వరరావు గారు మొండికేస్తారు, ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది.

“ఈ ఒక్కసారికి అడగనని మాటివ్వండి,” అన్నాను ఆయనతో, సంగతంతా చెప్పి.

“ఇచ్చాను.”

అంత తేలిగ్గా ఇచ్చినప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు.

శుక్రవారం రిహార్సల్, కోటేశ్వరరావు గారూ వచ్చారు. మంచులో కారు నడపడం ఆయనకి భయం, కాబట్టి డ్రైవర్ని నేనే. పాట సగంలో ఉండగా లక్ష్మీకాంతం గారు వయోలా దించి చెయ్యెత్తారు.

“మేడమ్, ఇక్కడ రాసిన స్వరం నా వయోలాలో లేదు. అన్నిటికన్నా కింది తీగ పలికే స్వరానికి ఇంకా కింద ఉంది.”

మార్గరెట్ గారు చూసి కళ్లజోడు సర్దుకున్నారు. “నిజమే. రావు గారూ, ఏం చేద్దాం?”

కోటేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. “కొంచెం... మెల్లగా వాయించమనండి.”

“లేనిదాన్ని మెల్లగా ఎలా వాయించనండీ?” అన్నారు లక్ష్మీకాంతం గారు, ఏమీ ఎరగనట్టు.

“అసలు ఇది రాసిందెవరు?” అని మార్గరెట్ గారు అడిగారు. ఈయన అడగలేదు, గమనించండి.

కోటేశ్వరరావు గారు ఫోన్ తీశారు. మధుమిత మా ఊరి లోకల్ రైలు సీట్రెయిన్ పట్టుకుని, డేకేర్ టీషర్టు మీద కోటు వేసుకుని వచ్చింది. ఆ కాగితం చూసింది. లక్ష్మీకాంతం గారిని చూసింది. ఆయన సీలింగ్ చూస్తున్నారు. తను పెన్సిల్‌తో ఆ స్వరం దిద్ది వెళ్లబోయింది. వెళ్లనిస్తేగా! ఫ్లూట్ ఆవిడ ఏదో అడిగింది, తర్వాత బాకాల వాళ్లు, ఆపైన మార్గరెట్ గారే పక్కన కుర్చీ వేయించి, రిహార్సల్ అయ్యేదాకా కూర్చోబెట్టుకున్నారు. చివర్లో, “వచ్చే సీజన్‌కి మాకు రాసిపెట్టే మనిషి కావాలి. వాయించడానికి కూడా రావాలి మరి,” అన్నారు.

కోటేశ్వరరావు గారు మంచివారే. “ఈ అమ్మాయి లేకపోతే నా పాట బాత్రూం దాటేది కాదు! పేరు వేయించాలని తట్టలేదు తల్లీ, రేపే వేయిస్తా,” అని అందరి ముందూ చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు మధుమిత కారులో వెనక కూర్చుంది. కాసేపటికి అంది, “అంకుల్, వయోలాలో కింది తీగ ఏదో నాకు తెలుసు.”

“తెలీకపోవడమేంటమ్మా?”

“మరి ఆ స్వరం నేను రాయలేదు. సిరా కూడా వేరే.”

ఆయన నా వైపు తిరిగి, “హీటర్ పెంచవయ్యా, చలి,” అన్నారు. నుదుటిమీద చెమట కనబడుతూనే ఉంది.

“అడగొద్దన్నది నేనే అనుకోండి, అయినా ఇంత నాటకమెందుకండీ?” అన్నాను.

“నేనడిగితే అందరూ నవ్వుతారయ్యా. అవసరం పడితే వాళ్లే పిలుస్తారు.”

వెనక సీట్లో మధుమిత ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది.

“సారీ అండీ, ఆదివారం రావద్దు. వయొలిన్ అమ్మడం లేదు... లేదండీ, రేటు గురించి కాదు... నాకే కావాలి.”

లక్ష్మీకాంతం గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, చెయ్యి చాపి తనే హీటర్ తగ్గించారు.