మా జేజి పట్టుకున్న ఊచ

నా చిన్నప్పుడు మా ఇంటి చూరులో ఒక ఇనుప ఊచ ఉండేది. మూరెడు పొడవు, ఒక కొసన చెక్కపిడి. గొర్రె కుంటినా, కడుపు ఉబ్బినా, ఎదకు రాకపోయినా మా నాయన దాన్ని ఎర్రగా కాల్చి వాత పెట్టేవాడు. పెద్దారవీడు అవతల, నల్లమల కొండల అడుగున మా ఊరు. ఒక గొర్రెల మంద, వాన పడితేనే పండే నాలుగెకరాల చేను, అదే మా ఆస్తి. వాత పెట్టేటప్పుడు గొర్రె కాళ్లు పట్టుకునేది నేను. పదమూడేళ్ల పిల్లనైనా నాది ఉడుంపట్టని నాయన నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ మెప్పుకు నేను ఉబ్బిపోయేదాన్ని.

మా అక్కకు అప్పటికి పదహారు నిండాయి. ఇంకా పెద్దమనిషి కాలేదు. ఆమె ఈడు పిల్లల్లో కొందరు అప్పటికే చంకన బిడ్డలనెత్తుకుని పుట్టింటికి వచ్చిపోతున్నారు. అక్కను మా మేనమామకు, అంటే మా అమ్మ తమ్ముడికి, ఇవ్వాలని ఆమె పుట్టినప్పుడే మాట అనుకున్నారు. వాళ్లది కొనకనమిట్ల వైపు. మా అమ్మమ్మ వచ్చినప్పుడల్లా అక్కను ఎగాదిగా చూసి, "ఏందే, ఇంకా లేదా?" అని అడిగేది. ఆమె అటు బండెక్కడం, ఇటు మా ఇంట్లో రణరంగం మొదలవడం. ముందు అమ్మకు తన్నులు, తర్వాత అక్కకు. గొడ్డును కన్నావని అమ్మను, గొడ్డు ముఖమని అక్కను. చింతబరికె విరిగితే చేతికి ఏది దొరికితే దానితోనే. ఇప్పుడు తలచుకున్నా నాకు ఒళ్లు మండిపోతుంది. వరుసగా కరువులు పడ్డ ఏళ్లలో ఎదిగిన పిల్ల, ఎముకల గూడు, కడుపునిండా తిన్నదెప్పుడు? అది మాత్రం ఒక్కరి బుర్రకూ తట్టలేదు. ఒంట్లో వేడి పుట్టాలని నువ్వులూ బెల్లమూ దంచి, పచ్చి బొప్పాయి కోసి, వాంతి చేసుకునేదాకా కుక్కారు.

ఇంట్లో మా జేజి ఉండేది, మా నాయన తల్లి. కొడుకు ఎదుట గొంతెత్తి ఎరగని మనిషి. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉండేది. అక్కకు దెబ్బలు పడుతుంటే లేచి లోపలికి పోయి తలుపు వేసుకునేది. అడ్డం రాకపోతే పోయె, ఆ తలుపు ఎందుకు వేసుకోవాలి అని నాకు ఆమె మీద కచ్చగా ఉండేది.

ఆ ఏడు కొండ కింద మంత్రం వేసే ముసలాయన ఒకడు, బొడ్డు చుట్టూ మూడు వాతలు పెడితే పదిరోజుల్లో పిల్ల పెద్దమనిషి అవుతుందని చెప్పాడట. మా నాయనకు ఆ మాట బాగా ఎక్కింది. గొర్రెకు పనికొచ్చే మందు పిల్లకు పనికిరాదా అనుకున్నాడు. పౌర్ణమి వెళ్లిన మంగళవారం పెడతానన్నాడు. అది విన్న రోజు నుంచి అక్క సరిగ్గా అన్నం ముట్టలేదు. పడుకుంటే రెండు చేతులూ కడుపు మీద అడ్డం పెట్టుకుని పడుకునేది.

ఆ మంగళవారం ఇంకా నాలుగు రోజులుందనగా, జొన్నచేను గట్టున గొర్రెపిల్లలను కాస్తుంటే నాకు పొత్తికడుపులో పీకినట్టయింది. పావడా చూసుకుంటే నెత్తురు. చిన్నది అయి, పెద్దది కాలేదంటే నాయన అక్కను బతకనిస్తాడా? ఏడ్చుకుంటూ పోయి అక్క ఒక్కదానికే చెప్పాను. అక్క నా కళ్లు తుడిచింది. "నీ పావడా నాకియ్యి అమ్మీ. నాకే వచ్చిందని చెప్తా. నువ్వు నోరు మెదపాకు," అంది. చేలోకి పోయి ఇద్దరం పావడాలు మార్చుకున్నాం.

అమ్మ ఆ పావడా చూసింది. దాని అంచు కుట్టింది ఆమే, అది నాదని ఆమెకు తెలియదా? ఒక్కసారి నా ముఖంలోకి చూసి, దాన్ని ఉండచుట్టి చంకలో పెట్టుకుని, వాకిట్లోకి పోయి పెద్దది పెద్దమనిషి అయిందని కేకేసింది. నాయన ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! అక్కను తాటాకుల చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి ముద్దలు పెట్టారు. ఊచ చూరులోనే ఉండిపోయింది. నేను పాతగుడ్డలు పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా వాగులో ఉతుక్కుంటూ దొంగలా తిరిగాను. అక్కా నేనూ దూరం నుంచే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం కూడా, పిచ్చిముండలం.

మూడో రోజు మేనమామా అమ్మమ్మా బండి కట్టుకుని వచ్చారు. పెద్దమనిషైన పిల్లకు మేనమామ కట్టాల్సిన గుడిసె కోసం మామ పచ్చికొమ్మలు తెచ్చాడు. వాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లచెంబు ఇచ్చి నేను వెనక్కి తిరిగాను. నా పావడా వెనక మరక ఉంది. అమ్మమ్మ ముందు నవ్వింది, ఇద్దరికీ ఒక్కసారేనా అని. అంతలోనే ఆ నవ్వు పోయింది. తిన్నగా అక్క కూర్చున్న మూలకు నడిచి, చాప ఎత్తి, గుడ్డలు వెదికి బయటికి వచ్చింది.

"పెద్దదాని గుడ్డ పొడిగా ఉండాది. చిన్నదాని నెత్తురు చూపిచ్చి మమ్మల్ని మోసం చేసినారు. నా కొడుక్కు వేరే పిల్లను చూసుకుంటా," అని బండెక్కింది. మా అమ్మకు కన్నతల్లి ఆమె. వాకిట్లో కూతురు కాళ్లావేళ్లా పడుతున్నా వెనక్కి చూడలేదు. తెచ్చిన పచ్చికొమ్మలు అక్కడే పారేసి మామ కూడా ఆమె వెంటే పోయాడు.

నాయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అమ్మను జుట్టు పట్టి ఈడ్చి తలను గోడకేసి కొట్టాడు. ఆమె గోడవారనే కూలబడిపోయి ఆ పూటంతా లేవలేదు. నా వైపు తిరిగి ఒక్కటిచ్చాడు. ముందుపన్ను సగం విరిగి నాలుక మీద పడింది. అక్కను రెక్క పట్టి లాక్కొచ్చి వాకిట్లో పడేసి, పిడకలు మండించి ఊచ అందులో దోపాడు. కంప అవతల సగం ఊరు నిలబడి చూస్తోంది. ఒక్క మగవాడు, ఒక్క ఆడది లోపలికి అడుగు పెట్టలేదు.

"గుడ్డ ఇచ్చింది నువ్వే గదా. కాళ్లు గూడా నువ్వే పట్టు," అన్నాడు నాతో.

పట్టుకున్నాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. నోట్లోంచి నెత్తురు కారుతుండగా మా అక్క కాళ్లను, గొర్రె కాళ్లను పట్టినట్టే పట్టుకున్నాను. అక్క తన్నుకుంటోంది. "వదలవే అమ్మీ, నీకు దండం పెడతా," అని అరుస్తోంది. నేను వదలలేదు. నాయన అంటే నాకు అంత భయం. ఆయన ఒక మోకాలు అక్క రొమ్ము మీద వేసి, ఊచ పైకి తీశాడు. కొస నిప్పులా ఉంది.

అప్పుడు అరుగు మీది నుంచి మా జేజి వచ్చింది. పరుగెత్తలేదు, అరవలేదు. వచ్చి, ఆ ఎర్రటి కొసను కుడిచేత్తో గుప్పిట పట్టింది. చుయ్‌మని చప్పుడు. తోలు కాలిన వాసన. నాయన లాక్కోబోయాడు గానీ ఆమె వదలలేదు. ఆయన పిడి వదిలేదాకా ఆమె కొస వదలలేదు. ఊచ నేల మీద పడ్డాక ఎడమచేత్తో చీరకొంగు పక్కకు లాగింది. ముడతలు పడిన కడుపు మీద, బొడ్డు చుట్టూ మూడు నల్లటి మచ్చలు.

"చూడరా, కండ్లు తెరిచి చూడు. నా పదహారో ఏట మా నాయన పెట్టినాడు ఇవి. నన్ను గూడా గొడ్డనే అన్నారు. వాతలు పెట్టినాంక గూడా రెండేండ్లకు గానీ నేను పెద్దమనిషిని కాలా. దాని కాలానికి అదొచ్చింది, ఇనుముకు రాలా. నిన్ను మోసింది ఈ కడుపేరా. సిగ్గుపడి ఇన్నేండ్లు దాచిపెట్టినా. నీకు ముందే చూపిచ్చింటే ఈ పిల్ల ఇన్ని దెబ్బలు తినేది కాదు. తప్పు నాది. పెట్టాలంటే నాకు పెట్టు నాలుగోది."

నాయన ఆ మచ్చలను చూస్తూ చతికిలబడిపోయాడు. నేను అక్క కాళ్లు అప్పటికి గానీ వదలలేదు. కాసేపటికి ఆయనే లేచి, పరుగున పోయి కలబంద మట్ట కోసుకొచ్చి, తల్లి చేతికి గుజ్జు రాయడం మొదలుపెట్టాడు. గుజ్జు సగం నేలపాలయింది. ఏడ్చాడో లేదో పొగలో నాకు కనిపించలేదు.

జేజి చెయ్యి మానింది గానీ వేళ్లు లోపలికి ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోలేదు. చచ్చేదాకా ఆమెకు సంగటి ముద్ద కలిపి నోట్లో పెట్టింది మా నాయనే. తప్పయిందని మాత్రం ఎవరితోనూ అనలేదు, అక్కతో అసలే అనలేదు. తర్వాత కూడా కోపమొస్తే చెయ్యెత్తేవాడు. జేజి ఆ మూసుకుపోయిన పిడికిలి పైకెత్తి చూపేది, ఆయన చెయ్యి కిందికి దిగిపోయేది. అమ్మ మాత్రం మళ్లీ మునుపటిలా లేదు. తలనొప్పని నెలలో సగం రోజులు పడుకునే ఉండేది.

అక్క పద్దెనిమిదో ఏట, చింతకాయలు దులిపే రోజుల్లో, ఎవరూ ఏమీ చేయకుండానే పెద్దమనిషి అయింది. వాళ్ల పావడా వీళ్ల పావడా కాదు, తనదే. తర్వాత కంభం వైపు పెళ్లి చేశారు, ముగ్గురు పిల్లలు. కాళ్లు పట్టుకున్నావు గదే అని ఇప్పటికీ నన్ను ఎత్తిపొడుస్తుంది, నవ్వుతూనే. నాకు మాత్రం నవ్వు రాదు. అక్క పెద్దమనిషి అయిన రోజు చిమ్మిలి ముద్ద మొదట ఆమె నోట్లో పెట్టింది జేజే, ఎడమచేత్తో. పెట్టి, మా ఇద్దరినీ దగ్గరికి పిలిచింది. "మన రక్తంలో ఇట్ల ఆలస్యంగా వచ్చే పిల్లలు మళ్లీ పుడతారు. అప్పటికి నేనుండను. నా సంగతి మీరు దాచొద్దు, నోరు తెరిచి చెప్పండి," అంది.

మా మనవరాలికి, నా కొడుకు కూతురికి, మొన్న పదిహేను దాటాయి. ఇంకా కాలేదు. కోడలు నాకు తెలియకుండా మొక్కులు మొక్కుతోంది, బొప్పాయి తెప్పిస్తోంది. ఒక రోజు అన్నం దగ్గర నా కొడుకు కంచం విసిరికొట్టాడు. నీ పుట్టింటి పోలికే ఇది అని పెళ్లాం మీదికి లేచాడు. నా కడుపున పుట్టినవాడే! విరిగిన పన్ను జివ్వుమంది నాకు. మర్నాడు పొద్దున్నే ముగ్గురినీ ఆటో ఎక్కించి మార్కాపురంలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పదిహేను దాటాక ఒకసారి చూపించడం మంచిదేనని ఆమె అంది. ఎత్తూ బరువూ చూసి, రక్తపరీక్షకూ స్కానింగుకూ రాస్తూ, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా ఆలస్యమైందా అని అడిగింది. అబ్బే, ఎవరికీ లేదండీ అంది కోడలు గబుక్కున. నా కొడుకు నేల చూపులు చూస్తున్నాడు.

"ఉండాది," అన్నాను గట్టిగా. "మా వైపే. మా జేజికి, మా అక్కకు." వాతల సంగతి, పావడా సంగతి, నేను కాళ్లు పట్టుకున్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. నా కొడుకు తలెత్తి నన్ను కొత్తగా చూశాడు. మనవరాలు వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

పరీక్షల్లో ఏ లోపమూ లేదు. బాగా తిననియ్యండి, ఆర్నెల్లకు మళ్లీ రండి అంది డాక్టరు. ఆ సంగతి చీటీలో రాస్తుంటే, మా జేజి సంగతి కూడా అందులో రాయమ్మా అన్నాను. చీటీలో జేజి అని రాయం అవ్వా, అని ఆమె నవ్వింది. నేను లేవకుండా కూర్చుంటే, చివరికి తెలుగులో, జేజి అనే రాసింది. మనవరాలి చీటీ నేనే దాచాను, నా ట్రంకుపెట్టెలో, మా జేజి పాత చీర మడతల మీద.