ఐసు గడ్డలో ఎర్ర చార

సండూరు కొండల్లోని ఒక ఇనుప ఖనిజం గనిలో నేను ఫొటోగ్రాఫర్ గ్రేడ్-టూగా పనిచేశాను. గనుల వ్యాపారం మంచి జోరు మీదున్న రోజుల్లో, ఒక నవంబరు నెలాఖరున, ప్రచార విభాగం అధికారి మూర్తిగారు నన్ను పిలిచి కొత్త సంవత్సరం కేలెండరు పని అప్పగించారు. ఆరు పేజీలు, ఆరు ఫొటోలు. విషయం బెంగళూరు హెడ్డాఫీసు వాళ్లే నిర్ణయించారు: చలికాలపు నిత్యజీవితంలో మంచుగడ్డ, నీళ్లు, నీళ్లలో నీడలు.

మా బళ్లారి జిల్లాలో చలికాలమంటే పొద్దున స్వెట్టరు వేసుకోవడం, పదకొండు కాకముందే దాన్ని విప్పి నడుముకు కట్టుకోవడం. ఆ మాటే మూర్తిగారితో అన్నాను. ఆయన నవ్వి, దానికి తోడు ఇంకో షరతు కూడా చెప్పారు. ఏ ఫొటోలోనూ ఎరుపు కనబడకూడదట.

ఖనిజం లారీలు తెంపు లేకుండా తిరుగుతున్న కాలం అది. ఆకులు, గోడలు, గేదెల వీపులు, తీగ మీద ఆరేసిన పంచెలు, అన్నిటి మీదా ఎర్ర దుమ్మే. ఎరుపు లేకుండా అక్కడ ఫొటో తీయమనడం తాలింపు వాసన రాకుండా పులిహోర చేయమనడమే. అది ఎవరికి చెప్పుకోను? ఫొటోలు నచ్చకపోతే వచ్చే ఏడాది నుంచి పని బెంగళూరు ఏజెన్సీకి ఇస్తామని, నన్ను వేబ్రిడ్జికి, అంటే లారీలను తూకం వేసే చోటికి, మారుస్తామని మూర్తిగారు నిదానంగా చెప్పారు. కెమెరా తప్ప నాకు వేరే పని రాదు, వేరే పని మీద మనసూ లేదు.

నీళ్ల సంగతి మాత్రం సులువుగానే తేలింది. మా వృత్తిలో పోలరైజర్ అని ఒక ఫిల్టరు ఉంటుంది. లెన్సు ముందు బిగించి తిప్పుతుంటే, ఒక వైపు నీటి మీది మెరుపు పోయి అడుగు కనబడుతుంది. ఇంకో వైపు తిప్పితే మెరుపు నిలిచి, అడుగు మరుగైపోతుంది. మామూలుగా మేము మెరుపు తీసేయడానికే దాన్ని వాడతాం. నేను తిరగేసి వాడాను. కెమెరాను నేలకు ఆనించి, నీటిని ఏటవాలుగా చూస్తే ఎర్ర గుంటలో కూడా నీలాకాశమే పడుతుంది.

అలా ఒక పొద్దున తోరణగల్లు రోడ్డు పక్కన, నీటి గుంట ముందు బోర్లా పడుకొని ఉన్నాను. ఒక లారీ ఆగింది. డ్రైవరు పరుగున వచ్చి, "యాడ దెబ్బ తగిలిందప్పా? లేచ్చావా, పట్టుకోవల్లనా?" అన్నాడు. ఫొటో తీస్తున్నానని చెబితే గుంటలోకి తొంగి చూసి, "దీంట్లో ఏముండాదని?" అని తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. వాడి లారీ లేపిన దుమ్ము దిగేదాకా నేను లెన్సు మూత తీయలేదు.

కెంచనగుడ్డ దగ్గర తుంగభద్రలో పడవ నీడ, కాలువ కింద వరి నారుమడిలో కొంగ నీడ, మా చర్చి వాకిట నీళ్ల తొట్టిలో క్రిస్మసు నక్షత్రం నీడ, బస్టాండు కుళాయి కింద బిందె, రోడ్డు పక్క నీటి గుంట. ఐదూ వచ్చాయి. ఐదింట్లోనూ చక్కని నీలం. మంచుగడ్డ ఒక్కటే మిగిలింది.

దానికి దారి చూపింది మా ఆవిడ సుగుణ. "ఐసు కోసం యాడికో పోవల్లనా? శనివారం ఖాజాబీ చాపల బండి కాడికి పోండి, మంచం అంత గడ్డ ఉంటాది," అంది. ఖాజాబీ మా టౌన్‌షిప్ గేటు దగ్గర చేపలు అమ్మే మనిషి. శనివారం తెల్లవారేసరికి వెళ్లాను. వరి ఊకలో పొదిగిన ఐసు గడ్డను ఆమె అప్పుడే గోనె తీసి కడిగింది. అంచులు అద్దంలా ఉన్నాయి. నడిమధ్య మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు ఒక ఎర్ర చార.

కారణం నాకు తెలుసు. ఐసు ఫ్యాక్టరీలో రేకు డబ్బాలలో నీళ్లు పోసి బాగా చల్లబరిచిన ఉప్పునీటి తొట్టిలో దించుతారు. నీళ్లు అంచుల నుంచి లోపలికి గడ్డ కడుతూ, తమలోని మలినాన్ని మధ్యకు నెట్టేస్తాయి. మా ఊరి నీళ్లలోని మలినం ఏ రంగో చెప్పనక్కరలేదు. మెరుపు అడ్డం పెట్టి దాచడానికి ఇది గుంట కాదు. నా పోలరైజర్ ఎటు తిప్పినా చార అలాగే ఉంది.

కానీ ఎంత అందంగా ఉందని! నాకు చేతులు ఆగలేదు.

"ఏందన్నా, చాపల్ని ఇడిసిపెట్టి ఐసుకు ఫొటో తీస్తాండావు?" అంది ఖాజాబీ.

కేలెండరు కోసమని, చార కనబడితే ఆమె బేరం దెబ్బతింటుందేమో, వద్దంటే తీయనని చెప్పాను.

"ఈ ఊర్లో ఎర్రగా లేనిది యాడుండాదన్నా? మా ఇంట్లో పెరుగు గూడా ఎర్రగానే తోడుకుంటాది. తియ్యి. కేలెండరు మాత్రం నాకొకటి ఇయ్యాల."

ఐసు లాంటి తెల్లని వస్తువును కెమెరాలో వెలుగు కొలిచే మీటరు బూడిద రంగుగా లెక్క కడుతుంది. అందుకని కాస్త ఎక్కువ వెలుగు ఇచ్చి తీశాను. ఎందుకైనా మంచిదని అంచులు పగలగొట్టించి, తేటగా ఉన్న ముక్కలు కూడా తీశాను. అవి చూస్తే పగిలిన సీసా పెంకుల్లా ఉన్నాయి.

మూర్తిగారు చార ఉన్న ఫొటో చూసి, "ఉదయకాంతిని భలే పట్టావయ్యా," అన్నారు. అది కాంతి కాదు, మన దుమ్మేనని చెప్పాను. "నువ్వు నోరు విప్పితేనే కదా తెలిసేది," అని ఆయన దాన్నే ఆరో ఫొటోగా పెట్టేశారు.

ఆఖరి ఆమోదం కోసం మూర్తిగారూ నేనూ ఫొటోలు తీసుకొని జనరల్ మేనేజరు గదికి వెళ్లాం. ఆయన హుబ్బళ్లి వైపు మనిషి, గనిలో ఇంజనీరుగా మొదలుపెట్టి అంత పైకి వచ్చినవారు. వెలుగు బల్ల మీద ఫిల్ములు పరిచి, భూతద్దం కంటికి ఆనించి ఒక్కొక్కటే చూశారు. ఐదు ఫొటోలకూ తలూపారు. ఆరోదాని దగ్గర ఆగి, తీసేటప్పుడు సూర్యుడు ఎటున్నాడని నన్నే అడిగారు. మూర్తిగారు బల్ల కింద నా కాలు తొక్కారు. వేబ్రిడ్జి నా కళ్ల ముందు కదిలింది. అయినా వెలుగు ఎటు నుంచి వచ్చిందో అబద్ధం చెబితే ఇక నా చేతికి కెమెరా ఎందుకు?

"నా వీపు వెనక ఉన్నాడు సార్," అన్నాను.

"హౌదా?" అన్నారాయన, అవునా అని కన్నడంలో. సూర్యుడు గడ్డకు అవతల లేడంటే, దాని లోపల కనబడే ఆ ఎరుపు సూర్యుడిది కాదు. మళ్లీ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తరువాత కుర్చీలో వెనక్కి వాలి కడుపుబ్బా నవ్వారు. నీలం ఫొటోలు ఏ ఊరివైనా కావచ్చునని, ఇదొక్కటి మాత్రం మనదని, దీన్ని మొదటి పేజీలో వేసి కింద ఏమీ రాయవద్దని చెప్పారు. అప్పటిదాకా నా కాలి మీదున్న బూటును మూర్తిగారు తీసేశారు.

కేలెండరు వచ్చాక బెంగళూరు వాళ్లు ఫోను చేసి మంచుగడ్డలో సూర్యోదయం అద్భుతమన్నారు. ఖాజాబీ ఆ పేజీని బండి గుంజకు వేలాడదీసింది. చేపలకు వచ్చినవాళ్లంతా దాన్ని చూసి, "మన మట్టే కదప్పా," అని నవ్వుకున్నారు. ఆమె బేరం ఏమీ తగ్గలేదు. నేను ఫొటోగ్రాఫరుగానే రిటైరయ్యాను.

ఆ కేలెండరు వల్ల నాకు తెలిసింది ఇంతే. నీటి మీద ఆకాశాన్ని పరిచి అడుగును కప్పవచ్చు, ఆ విద్య నాకు బాగానే వచ్చు. గడ్డ కట్టిన నీటి దగ్గర ఆ విద్య పనికిరాదు. అక్కడ ఫొటోగ్రాఫరు చేయగలిగింది వెలుగు ఎటు నుంచి వస్తోందో గుర్తు పెట్టుకోవడం, అడిగినప్పుడు అటే చూపించడం.